పిల్లలు తప్పిపోతే ఏం చెయ్యాలో వాళ్ళకి ముందే ఎలా నేర్పించాలి

మా పాపకి నాలుగేళ్ళున్నప్పుడు ఒకసారి జనంలో తప్పిపోయింది. మొత్తం కలిపి ఏడెనిమిది నిమిషాలే, కానీ ఆ కాసేపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడిపోతాయి. బ్యాగ్ జిప్ లాగడానికి దాని చెయ్యి వదిలాను, జిప్ వేసి కిందకి చూస్తే లేదు. నేను ఎడమ పక్కకి పరిగెత్తాను, అదేమో కుడి పక్కకి వెళ్ళిందట, పోనీ వెళ్ళింది వెళ్ళినట్టే ఉందా అంటే లేదు, వెంటనే నేనున్న చోటికే తిరిగొచ్చింది, అప్పటికి నేనక్కడ లేను, దాంతో ఏడుస్తూ నన్ను వెతుక్కుంటూ ఇంకా లోపలికి వెళ్ళిపోయింది. చంకలో పిల్లాడున్న ఒకావిడ దాన్ని ఆపి, పక్కన కూర్చోబెట్టుకుని మీ అమ్మ పేరేంటమ్మా అని అడిగితే "అమ్మ" అందట. మళ్ళీ అడిగితే మళ్ళీ "అమ్మ" అనే. ఫోన్ నంబర్ అడిగితే "అమ్మ ఫోన్‌లో ఉంటుంది" అందట.

దాని తప్పేం లేదు, నేనెప్పుడూ నేర్పించలేదు అంతే. రంగులు నేర్పించాను, అంకెలు నేర్పించాను, జంతువుల పేర్లు నేర్పించాను, నా పేరు మాత్రం నేర్పించలేదు. ఆ తర్వాత దీని గురించి చాలా చదివాను, మా ఇంట్లో రెండేళ్ళుగా ఆటలా ప్రాక్టీస్ చేయిస్తున్నాను. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్నవాళ్ళకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒకటి చెప్పాలి. మనం ఎన్ని రూల్స్ నేర్పించినా పిల్లలు భయంలో అవన్నీ మర్చిపోతారు, ఒక్క నమ్మకం మాత్రం ఉండిపోతుంది. "అమ్మ నాకోసం వస్తుంది, వచ్చాక నన్ను తిట్టదు." ఈ నమ్మకం ఉన్న పిల్లలు ఆగి నిలబడతారు, లేనివాళ్ళు పరిగెడతారు లేదా దాక్కుంటారు. దాక్కోవడమేంటి అనుకోకండి, నిజంగానే జరుగుతుంది. 2005 జూన్‌లో అమెరికాలోని యూటా కొండల్లో క్యాంప్‌కి వెళ్ళిన 11 ఏళ్ళ బాబు తప్పిపోయి నాలుగు రోజులకి దొరికాడు. వెతికేవాళ్ళు ఆ చుట్టుపక్కల తిరుగుతూనే ఉన్నారు, గుర్రాల మీద వెళ్ళేవాళ్ళు వాడికి కనబడ్డారు కూడా, కానీ వాళ్ళని చూసి వాడు దారి తప్పుకుని దాక్కున్నాడు. ఎందుకంటే తెలియనివాళ్ళతో మాట్లాడకూడదు, వాళ్ళు ఎత్తుకుపోతారు అని వాడి మనసులో గట్టిగా పడిపోయింది. కాబట్టి "తెలియనివాళ్ళతో మాట్లాడొద్దు" అని ఊరికే చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు, ఎవరితో మాట్లాడొచ్చో కూడా మనమే చెప్పాలి.

మొదట నేర్పించాల్సింది ఆగిపోవడం

అమ్మ కనబడట్లేదు అనిపించిన క్షణంలోనే కాళ్ళు ఆగిపోవాలి. ఒక్క అడుగు కూడా వెయ్యకూడదు. కదిలేవాళ్ళు ఇద్దరైతే ఒకళ్ళకొకళ్ళు దొరకడం చాలా కష్టం, ఒకళ్ళు ఆగితే రెండోవాళ్ళు వెనక్కి నడుచుకుంటూ వస్తే చాలు. పెద్దవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది గానీ పిల్లలకి ఆగడం అనేది చాలా కష్టం, వాళ్ళకి భయమేస్తే కాళ్ళు వాటంతట అవే పరిగెడతాయి. అందుకే నోటితో చెప్తే సరిపోదు, ఒంటికి అలవాటు చెయ్యాలి. మేము స్టాచ్యూ ఆట ఆడతాం. ఇంట్లో ఆడుకుంటూ ఉండగా నేను తలుపు వెనక్కి వెళ్ళి "అమ్మ కనబడట్లేదు!" అంటాను, అది ఎక్కడుంటే అక్కడ బిగుసుకుపోవాలి, చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని నా పేరు గట్టిగా అరవాలి, నేను వచ్చి ముట్టుకునేదాకా కదలకూడదు. మొదట్లో పది లెక్కపెట్టేలోపే పరిగెత్తుకుంటూ వచ్చేసేది, ఇప్పుడు రెండు నిమిషాలు నిలబడుతుంది. ఈ ఆట ఇంట్లో, మెట్ల మీద, పార్కులో, అన్ని చోట్లా ఆడాలి, ఎందుకంటే పిల్లలు ఇంట్లో నేర్చుకున్నది ఇంట్లోదే అనుకుంటారు.

రోడ్డు మధ్యలోనో నీళ్ళ పక్కనో ఉంటే మాత్రం ఆగకూడదు, ముందు పక్కకి వచ్చి అప్పుడు ఆగాలి. ఎంత పక్కకి అంటే గోడనో స్తంభాన్నో చేత్తో ముట్టుకునేంత. ముట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటే పిల్లలకి ధైర్యంగా ఉంటుంది.

ఒకటి మాత్రం దయచేసి చెయ్యొద్దు. పిల్లలకి చెప్పకుండా నిజంగా దాక్కుని ఏం చేస్తారో చూద్దాం అని పరీక్ష పెట్టేవాళ్ళున్నారు. అలా చేస్తే పిల్లలు నేర్చుకునేది అమ్మ కావాలనే వదిలేస్తుందని, మనం కట్టుకోవాలనుకున్న నమ్మకం అక్కడే కూలిపోతుంది.

అమ్మ పేరు, ఫోన్ నంబర్

జనంలో "అమ్మా" అని అరిస్తే అక్కడున్న అమ్మలందరూ ఒకసారి తిరిగి చూసి, తమ పిల్లలు పక్కనే ఉన్నారని చూసుకుని మళ్ళీ వాళ్ళ పనిలో పడతారు. అదే ఒక పిల్ల పెద్ద మనిషి పూర్తి పేరు పెట్టి అరిస్తే అందరికీ వెంటనే ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది. మా పాప మొదట సిగ్గుపడింది, అమ్మని పేరు పెట్టి పిలవకూడదు కదా అంది. తప్పిపోయినప్పుడు పిలవొచ్చు, అప్పుడు ఎంత గట్టిగా అరిస్తే అంత మంచి పిల్లవి అని చెప్పాను, ఆ మాటకి దానికి భలే సరదా వేసింది, రెండు రోజులు ఇల్లంతా నా పేరే.

ఫోన్ నంబర్ నాలుగు ఐదేళ్ళ పిల్లలు ఈజీగా నేర్చుకుంటారు, కాకపోతే అంకెల్లా కాకుండా పాటలా. వాళ్ళకి బాగా వచ్చిన ఏదో ఒక రైమ్ ట్యూన్ తీసుకుని అందులో నంబర్ పెట్టి రోజూ స్నానం చేయించేటప్పుడు పాడండి, రెండు వారాల్లో వచ్చేస్తుంది. ఇంకో ట్రిక్ ఏంటంటే వాళ్ళు చూసే ట్యాబ్‌కి ఆ నంబర్‌లోని అంకెలే పాస్‌వర్డ్‌గా పెట్టడం, కార్టూన్ కావాలంటే నొక్కాల్సిందే. ముందు ఒక్క నంబరే నేర్పించండి, అమ్మది నాన్నది రెండూ ఒకేసారి మొదలుపెడితే ఇందులోది అందులో కలిపేస్తారు.

నేర్పించాక ఒకసారి లాక్ తీసిన ఫోన్ చేతికిచ్చి చూడండి. మా పాపకి నంబర్ మొత్తం వచ్చు, కానీ ఫోన్ ఇస్తే నా ఫోటో ఎక్కడుందా అని వెతికింది, ఇప్పటి పిల్లలకి ఫోన్ చెయ్యడమంటే ఫోటో నొక్కడమే కదా. నంబర్లు ఎక్కడ నొక్కాలి, పచ్చ బటన్ ఏది, అవతల మోగుతుంటే ఆగడం, ఎత్తాక ఏం మాట్లాడాలి, ఇవన్నీ విడివిడిగా నేర్పించాల్సినవే.

మరీ చిన్నవాళ్ళు, ఇంకా మాటలు సరిగ్గా రానివాళ్ళు ఉంటే బయటికి వెళ్ళేటప్పుడు మోచేతి లోపలి వైపు పెన్నుతో నంబర్ రాయండి, లేదా బ్యాండ్ కట్టండి. బ్యాగ్ మీదా టీషర్ట్ మీదా పెద్ద అక్షరాలతో పిల్లల పేరు మాత్రం రాయొద్దు, ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే నన్ను తెలిసినవాళ్ళే అనుకుంటారు పిల్లలు.

ఎవరిని అడగాలి

ఇది కాస్త ఓపిగ్గా చెప్పాల్సిన సంగతి. "తెలియనివాళ్ళు" అనే మాట చిన్న పిల్లలకి అర్థమే కాదు. మా పాపని అడిగితే తెలియనివాళ్ళంటే పెద్ద మీసాలుండి నల్ల చొక్కా వేసుకున్నవాళ్ళు అంది. నవ్వుతూ చాక్లెట్ ఇచ్చేవాళ్ళు తెలియనివాళ్ళు కాదట. అందుకని మంచివాళ్ళు చెడ్డవాళ్ళు అనే భాష పక్కన పెట్టి, కంటికి కనబడే గుర్తులు చెప్పాలి.

మొదటి గుర్తు, చిన్న పిల్లలతో ఉన్న అమ్మ. చంకలో బాబో, చెయ్యి పట్టుకుని నడిచే పాపో ఉన్న ఆంటీ. ఎంత చిన్న పిల్లలైనా గుర్తుపట్టగలరు, పైగా అలాంటి ఆవిడ పిల్లని అక్కడే వదిలేసి తన దారిన వెళ్ళిపోవడం చాలా తక్కువ, అమ్మ వచ్చేదాకా ఉంటుంది. మా పాపని ఆపింది కూడా అలాంటి ఆవిడే. రెండో గుర్తు కౌంటర్ వెనకాల నిలబడి బిల్లు వేసేవాళ్ళు, మెడలో ఐడీ కార్డు ఉన్నవాళ్ళు. పోలీసులు కూడా, కాకపోతే చిన్న పిల్లలకి అన్ని యూనిఫాంలూ ఒకేలా కనబడతాయి, అందుకని దాని మీదే ఆధారపడొద్దు. ఇక "అల్లరి చేస్తే పోలీసులకి పట్టిస్తా" అనే మాట ఇంట్లో ఎవరైనా అంటుంటే ఇవాళే ఆపించండి, అవసరమైన రోజు ఆ పిల్ల పోలీసుని చూసి పారిపోతుంది.

పిల్ల తనంతట తాను వెళ్ళి ఎంచుకున్న మనిషికీ, తనంతట తానుగా పిల్ల దగ్గరికి వచ్చిన మనిషికీ తేడా ఉందని పెద్ద పిల్లలకి చెప్పొచ్చు. ఎక్కువమంది మంచివాళ్ళే, నిజంగా సాయం చెయ్యడానికే వస్తారు, కానీ ఎంచుకునేది పిల్ల అయితే రిస్క్ ఇంకా తగ్గుతుంది.

అడగడానికి వాక్యం ఒక్కటే, ఎప్పుడూ అదే. "ఆంటీ, నేను తప్పిపోయాను, మా అమ్మకి ఫోన్ చెయ్యండి." అంతే, తర్వాత నంబర్ పాట. దీన్ని బొమ్మలతో ఆడించండి, ఒక బొమ్మ తప్పిపోయిన పాప, ఇంకో బొమ్మ కౌంటర్ ఆంటీ. సిగ్గరి పిల్లలున్నవాళ్ళు ఇంకో పని చెయ్యాలి, మామూలు రోజుల్లోనే పిల్లల చేత వేరేవాళ్ళతో చిన్న చిన్న మాటలు మాట్లాడించాలి, మీరు పక్కన నిలబడి "టైమ్ ఎంతైందో ఆ ఆంటీని అడుగు", "కౌంటర్‌లో డబ్బులు నువ్వే ఇవ్వు" అని. మామూలు రోజున నోరు తెరవని పిల్ల, ఏడుపు ముంచుకొస్తున్నప్పుడు కొత్త మనిషితో మాట్లాడుతుందని ఎలా అనుకుంటాం?

సాయం చేసేవాళ్ళు ఎంత మంచిగా మాట్లాడినా వాళ్ళతో కలిసి బయటికి వెళ్ళకూడదు. "రా అమ్మా, మీ అమ్మ బయట బండి దగ్గరుంది" అంటే "అమ్మని ఇక్కడికే పిలవండి" అనాలి. అదే బిల్డింగ్‌లో, అందరూ కనబడే చోట ఉన్న కౌంటర్‌కి స్టాఫ్ తీసుకెళ్తే పర్వాలేదు, తలుపు దాటి బయటికి, పార్కింగ్‌కి, బండి దగ్గరికి మాత్రం ఎవరితోనూ వెళ్ళకూడదు. ఎవరైనా చెయ్యి పట్టి లాగితే ఊరికే ఏడవొద్దని చెప్పండి, ఏడ్చే పిల్లని ఎవరో లాక్కెళ్తుంటే చూసేవాళ్ళు మారాం చేస్తోంది అనుకుంటారు. "ఈయన మా నాన్న కాదు! ఈవిడ మా అమ్మ కాదు!" అని అరవాలి, దొరికిన దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చుండిపోవాలి.

రైలు, లిఫ్ట్, అడవి

తలుపులు మూసుకుపోయే చోట్ల రూల్ ముందే అనుకోవాలి, ఎందుకంటే అక్కడ ఆలోచించుకునే టైమ్ ఉండదు. పిల్ల ప్లాట్‌ఫామ్ మీద ఉండిపోయి మనం మెట్రో రైల్లో వెళ్ళిపోతే పిల్ల ఉన్నచోటే గోడకి ఆనుకుని నిలబడాలి, మనం వచ్చే స్టేషన్‌లో దిగి వెనక్కి వస్తాం. పిల్ల రైల్లో ఉండి మనం బయట ఉండిపోతే, వచ్చే స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి, మనం తర్వాతి రైల్లో అక్కడికి వస్తాం, ఈలోపు మనమున్న స్టేషన్ స్టాఫ్‌కి చెప్పి ఆ వచ్చే స్టేషన్‌కి కబురు పెట్టించాలి. లిఫ్ట్‌లో కూడా అంతే, తలుపు మొదట ఎక్కడ తెరుచుకుంటే అక్కడ దిగి లిఫ్ట్ పక్కనే నిలబడాలి. పిల్ల మళ్ళీ ఎక్కి నా కోసం పైకీ కిందకీ తిరగకూడదు, తిరిగేది నేను.

అడవికో కొండలకో వెళ్ళేవాళ్ళకి చెట్టుని పట్టుకోవడం నేర్పిస్తారు. 1981లో కాలిఫోర్నియాలో పాలోమార్ కొండ మీద తొమ్మిదేళ్ళ బాబు తప్పిపోయి, ఎంతోమంది వెతికినా ప్రాణాలతో దొరకలేదు. ఆ వెతుకులాటలో పాల్గొన్నవాళ్ళే తర్వాత శాన్ డియేగోలో పిల్లల కోసం "చెట్టుని హత్తుకో" అనే ప్రోగ్రాం మొదలుపెట్టారు. తప్పిపోయావని తెలియగానే దగ్గర్లో ఉన్న చెట్టు దగ్గరికి వెళ్ళి దాన్ని వదలకు, కావాలంటే దానితో మాట్లాడు, అదే నీ ఫ్రెండ్. వినడానికి చిన్న పిల్లల మాటలా ఉంది గానీ లోపల ఉన్న ఆలోచన చాలా గొప్పది, ఆగిపొమ్మంటే ఆగని పిల్ల పట్టుకోవడానికి ఒకటి దొరికితే ఆగుతుంది. పిల్లల జేబులో ఒక విజిల్, బాగా కనబడే రంగులో ఒక పెద్ద ప్లాస్టిక్ కవర్ పెట్టండి. విజిల్ మూడేసి సార్లు ఊదడం సాయం కావాలనే గుర్తు, అరిచి అరిచి గొంతు పోయినా విజిల్ వినబడుతుంది. కవర్‌కి ముఖం పట్టేంత రంధ్రం ముందే మనమే చేసి ఉంచాలి, తల మీంచి వేసుకుంటే వానకీ చలికీ అడ్డు, ముఖం మాత్రం ఎప్పుడూ బయటే ఉండాలని వేసి చూపించి నేర్పించండి. చీకట్లో ఏదైనా చప్పుడైతే దాని వైపు గట్టిగా అరవమని చెప్పండి, మనుషులైతే వింటారు, జంతువైతే పారిపోతుంది.

బయల్దేరే ముందు, ఒకవేళ నిజంగా జరిగితే

జనం ఉండే చోటికి వెళ్ళే రోజు గుమ్మం దగ్గరే పిల్లల ఫోటో ఒకటి తీసుకోండి, తల నుంచి చెప్పుల దాకా. కంగారులో పొద్దున ఏ రంగు వేశామో గుర్తురాదు, నాకు ఆ రోజు నిజంగానే గుర్తు రాలేదు. పెద్దవాళ్ళు నలుగురైదుగురు కలిసి వెళ్తే ఇప్పుడు పిల్ల ఎవరి దగ్గర ఉందో పైకి చెప్పుకోండి, "ఇప్పుడు నీ దగ్గర ఉంది, నేను అటు వెళ్తున్నా" అని. నలుగురున్న చోటే పిల్లలు తప్పిపోయేది, ప్రతివాళ్ళూ ఇంకొకళ్ళ దగ్గర ఉందిలే అనుకుంటారు.

తప్పిపోతే మనసులో వెతుక్కుంటూ తిరగొద్దు, పైకి అరుస్తూ వెతకండి. పేరొక్కటే కాదు, "నాలుగేళ్ళ పాప, పసుపు గౌను, ఎర్ర చెప్పులు" అని. అలా అరిస్తే చుట్టూ ఉన్న యాభైమంది కూడా చూడ్డం మొదలుపెడతారు. ఒకళ్ళు చివరిసారి కలిసున్న చోటే ఉండిపోవాలి, ఇంకొకళ్ళు తిరగాలి, ఒక్కళ్ళే ఉంటే ముందు అక్కడికే వెళ్ళాలి. వెంటనే స్టాఫ్‌కి చెప్పి తలుపుల దగ్గర మనుషుల్ని నిలబెట్టించండి. అమెరికాలో వాల్‌మార్ట్ వాళ్ళు 1994లో కోడ్ ఆడమ్ అని ఒక పద్ధతి మొదలుపెట్టారు, పిల్ల కనబడట్లేదనగానే గుర్తులు అనౌన్స్ చేసి, బయటికెళ్ళే తలుపుల దగ్గర స్టాఫ్ నిలబడి, పది నిమిషాల్లో దొరక్కపోతే పోలీసులకి ఫోన్. మిగతా చోట్ల ఇలాంటిది ఉన్నా లేకపోయినా తలుపులు చూడమని మనం అడగొచ్చు. దగ్గర్లో చెరువో స్విమ్మింగ్ పూలో ఉంటే ఇంకెక్కడికీ వెళ్ళకుండా ముందు అక్కడికి పరిగెత్తండి, నీళ్ళు నిమిషాల టైమ్ కూడా ఇవ్వవు. ఆటిజం ఉన్న పిల్లలైతే మరీను, చాలామందికి నీళ్ళంటే ఇష్టం, పేరు పెట్టి పిలిచినా పలక్కపోవచ్చు, అలా ఇల్లు దాటి వెళ్ళిపోయిన పిల్లల్లో ఎక్కువ మరణాలు నీళ్ళలో మునిగే జరుగుతున్నాయి.

పోలీసులకి చెప్పడానికి ఇన్ని గంటలు ఆగాలని అనుకోవద్దు, చిన్న పిల్ల విషయంలో ఎంత త్వరగా చెప్తే అంత మంచిది. ఇంకోటి, మీ ఫోన్ ఖాళీగా ఉంచండి. కంగారులో అందరికీ ఫోన్లు చేస్తూ కూర్చుంటే, పిల్ల పాటలా నేర్చుకున్న ఆ నంబర్‌కి ఎవరో ఫోన్ చేస్తుంటారు, బిజీ వస్తుంది.

దొరికాక

ఆ రోజు పాప కనబడగానే నేను దాన్ని ఎత్తుకున్నాను, ఎత్తుకుని గట్టిగా తిట్టాను. భయం అలా కోపంగా బయటికి వచ్చేసింది. వారం తర్వాత ఊరికే అడిగాను, మళ్ళీ తప్పిపోతే ఏం చేస్తావు అని. "దాక్కుంటా, నువ్వు తిడతావుగా" అంది. ఇంతకంటే ప్రమాదకరమైన జవాబు ఇంకోటి ఉండదు, దాన్ని నేర్పించింది నేనే. మళ్ళీ ఆ నమ్మకం కట్టడానికి నాకు నెలలు పట్టింది. కాబట్టి దొరకగానే ముందు హత్తుకోండి, ఏం చేసినా అందులో మంచి ఒకటి వెతికి చెప్పండి, "ఆ ఆంటీ దగ్గర కూర్చున్నావు చూడు, చాలా మంచి పని చేశావు" అని. ఏం జరిగిందో రాత్రి పడుకునేటప్పుడు వాళ్ళ చేతే చెప్పించండి, పదిసార్లు చెప్తామన్నా వినండి, చెప్పుకుంటూ చెప్పుకుంటూనే భయం దిగుతుంది.

మా పాప అలా చెప్తూ చెప్తూ ఒక రాత్రి ఆగి, "నేను వెనక్కి వచ్చాను కదా, అప్పుడు నువ్వెందుకు అక్కడ లేవు?" అని అడిగింది. అప్పట్నుంచి స్టాచ్యూ ఆటలో నాకు కూడా ఒక రూల్ ఉంది, అదే పెట్టింది. ఎటు వెతకడానికి వెళ్ళినా ముందు మనం చెయ్యి వదిలిన చోటికి రావాలి, అక్కడ దాని పేరు మూడుసార్లు పిలవాలి, ఆ తర్వాతే ఇంకెక్కడికైనా.